మెల్లని పరుగు

నడక నేర్చిన బిడ్డ మరునాటినుండియే పరుగు మొదలిడును. తల్లి పిలిచినను పరుగే, తల్లి పట్టుకొనవచ్చినను పరుగే. వీథిలో బూర యూదిన చప్పుడు వినబడినచో పరుగు. నాలుగు చినుకులు రాలినచో పరుగు. ఆ వయస్సున పరుగెత్తుటకు కారణ మక్కరలేదు. కాని యేండ్లు గడచినకొలది ఈ యలవాటు తగ్గిపోవును. పాఠశాల వార్షికోత్సవమునాడు పరుగుపందెములు జరుగును. పదిమంది బాలురు గీతకడ నిలుతురు. ఈల మ్రోగును. ముగ్గురికి బహుమానములు లభించును. తక్కిన యేడుగురును పరుగు తమకు తగిన విద్య కాదని తలంచి యింటికి పోవుదురు. వారిలో పెక్కండ్రు పెద్దవారైన తరువాత, బస్సు కదలిపోవుచున్నప్పుడు దప్ప మరల పరుగెత్తరు. “పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలు” అను సామెత వారికి ఊరట గలిగించును.

ఆ యేడుగురికి పరుగును మరల చేకూర్చిన వాడొకడు కలడు. అతడు వైద్యుడు కాడు; పండితుడు కాడు; బూట్లు తయారుచేయు కర్మాగారమున పనిచేసిన సామాన్యుడు. అతని పేరు ఆర్థర్ లిడియర్డు.

పసిఫిక్ మహాసముద్రమున, ఆస్ట్రేలియాకు ఆగ్నేయ దిశయందు, న్యూజీలండు దేశము కలదు. ఆ దేశమున పెద్దపట్టణము ఆక్లండు. రెండు రేవుల నడుమ, నిద్రించుచున్న అగ్నిపర్వతముల గుట్టలమీదను వాని పాదములందును ఈ పట్టణము వ్యాపించియున్నది. లిడియర్డు 1917వ సంవత్సరమున ఆక్లండునందే జన్మించెను. యౌవనమున అతడు రగ్బీ ఆడుచుండెను. బంతిని చేతబట్టుకొని ప్రత్యర్థులను త్రోసికొనుచు పరుగెత్తు ఆ ఆటయందు బలముగలవారే నిలువగలరు. అందుచే లిడియర్డు తాను మిక్కిలి దృఢకాయుడనని నమ్మియుండెను.

ఒకనాడు అతనికంటె వయస్సున పెద్దవాడగు మిత్రుడొకడు, తనతోకూడ 5 మైళ్లు, అనగా 8 కిలోమీటర్లు, పరుగునకు రమ్మని పిలిచెను. లిడియర్డు సంతోషముతో బయలుదేరెను. కొంతదూరము పోవునప్పటికే అతని యూపిరి తిత్తివలె ఎగసిపడెను, గొంతు ఎండిపోయెను, కాళ్లు కొయ్యబారెను. ఆ పెద్దవాడు మాత్రము హాయిగా ముందు సాగిపోవుచుండెను. ఎట్లో ఇల్లు చేరిన పిదప లిడియర్డు ఆలోచనలో పడెను. అప్పటికి అతనికి ముప్పది యేండ్లైనను నిండలేదు. ఇప్పుడే ఈ స్థితి యైనచో, మరి యిరువది యేండ్లకు తన గతి యేమగును? ఈ ప్రశ్న అతనిని విడువలేదు. సిగ్గుపడి పరుగు మానివేయువారు పెక్కండ్రు. సిగ్గుపడి పరుగు మొదలుపెట్టినవాడు లిడియర్డు.

అతనికి గురువు లేడు. ఆ కాలమున దొరకిన పుస్తకములు చెప్పినది అతనికి తృప్తి గలిగింపలేదు. కావున తన శరీరమునే ప్రయోగశాలగా చేసికొనెను. పగలు కర్మాగారమున పని; సంసారభారము వలన అది చాలక, ఇంటింటికి పాలు చేర్చు పనియు కొంతకాలము చేసెను. మిగిలిన వేళలందు పరుగు. ఒక్కొక్క వారమున 250 మైళ్లవరకు పరుగెత్తి, అది శరీరమును క్రుంగదీయునని తెలిసికొనెను. మిక్కిలి తక్కువ పరుగెత్తి, అది చాలదని తెలిసికొనెను. మిక్కిలి వేగముగా పోయినచో మరునాడు కాలు కదలదనియు, మిక్కిలి సోమరితనముగా పోయినచో శక్తి పెరుగదనియు గ్రహించెను. ఇట్లు ఇంచుమించు పదియేండ్లు పరిశ్రమించి, వారమునకు 100 మైళ్లు తన శిష్యులకు తగిన కొలత యని నిశ్చయించెను. ఈ మధ్యకాలమున అతడు 1953లోను 1955లోను న్యూజీలండు మారథాన్ విజేత యయ్యెను. మారథాన్ అనగా 42 కిలోమీటర్ల 195 మీటర్ల పరుగు.

అతడు కనుగొన్న సత్యము వినుటకు మిక్కిలి సులభము. దూరము పరుగెత్తదలచినవాడు ముందు మెల్లగా పరుగెత్తుట నేర్వవలెను. ఎంత మెల్లగా? ప్రక్కవానితో మాటలాడుటకు వీలగునంత మెల్లగా. మాట తడబడినచో వేగము హెచ్చినదని గుర్తు.

ఈ మాటలోని శాస్త్రమును కొంచెము పరిశీలింపవలెను. కండరములు పనిచేయుటకు ప్రాణవాయువు కావలెను. ఊపిరితిత్తులు గాలినుండి దానిని గ్రహించును. గుండె దానిని రక్తముద్వారా కండరములకు చేరవేయును. మెల్లగా పరుగెత్తునపుడు రాబడియు ఖర్చును సరిపోవును. వేగము హెచ్చినచో రాబడి చాలదు. అప్పుడు శరీరము అప్పు చేయును. అప్పు చేసినవాడు కొంతకాలము దర్జాగా తిరుగవచ్చును గాని, త్వరలోనే ఋణదాత వాకిట నిలుచును. పరుగెత్తువాని కాళ్లు బరువెక్కి, ఊపిరి తొట్రుపడుట ఆ ఋణదాత రాకయే. నెలల తరబడి మెల్లగా పరుగెత్తినచో గుండె బలపడి, ఒక్కొక్క స్పందనమున ఎక్కువ రక్తమును పంపగలదు. కండరములలో సన్నని రక్తనాళములు పెరుగును. అనగా రాబడియే పెరుగును. అందుచే నిన్న కష్టముగా తోచిన వేగము నేడు సులభమగును.

లిడియర్డు ఇంటికి దగ్గరగా నున్న బాలురు కొందరు అతని శిష్యులైరి. ప్రతి ఆదివారము వారు పట్టణమునకు పడమట నున్న వైటాకరె కొండలలో 22 మైళ్ల దూరము చుట్టివచ్చుచుండిరి. వారిలో మర్రే హాల్బర్గు ఒకడు. రగ్బీ ఆటలో తగిలిన దెబ్బవలన అతని యెడమచేయి ఎండి, శక్తిహీనమైపోయెను. పీటర్ స్నెల్లు మరియొకడు. 1960వ సంవత్సరమున రోము నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. సెప్టెంబరు 2వ తేదీన స్నెల్లు 800 మీటర్ల పందెమునను, హాల్బర్గు 5,000 మీటర్ల పందెమునను స్వర్ణపతకములు గెలిచిరి. కొలదిదినముల తరువాత బ్యారీ మెగీ మారథాన్ పరుగున కంచుపతకము నందెను. నాడు న్యూజీలండు జనసంఖ్య 25 లక్షలకు మించదు. అంతటి చిన్నదేశమునుండి, ఒకే గురువు శిష్యులు ముగ్గు రిట్లు పతకములు పొందుట చూచి లోకము విస్మయమందెను.

పతకముల కథ ఇంతటితో ముగియును. కాని లిడియర్డు కథలో ముఖ్యభాగము దీని తరువాతనే యున్నది.

ఆ దినములలో గుండెపోటు వచ్చినవారిని వారములకొలది పడకమీదనే యుంచు ఆచార ముండెను. కోలుకొన్నవారు సహితము మెట్లెక్కుటకు జంకుచుండిరి; ఇంటివారు వారిని గాజుబొమ్మలను కాపాడినట్లు కాపాడుచుండిరి. నడివయస్సు దాటినవాడు పరుగెత్తుట యనగా ప్రాణముతో చెలగాటమని జనుల నమ్మకము. అయితే ఈ నమ్మకమును సందేహింపజేయు పరిశోధన యొకటి లండను నగరమున అప్పటికే జరిగియుండెను. జెర్రీ మోరిస్ అను వైద్యుడును అతని సహచరులును రెండంతస్తుల బస్సులలో పనిచేయువారి ఆరోగ్యమును పరిశీలించిరి. డ్రైవరు దినమంతయు కూర్చుండును. కండక్టరు టిక్కెట్లిచ్చుటకై దినమునకు వందలకొలది మెట్లు ఎక్కి దిగును. ఇరువురిదియు ఒకే బస్సు, ఒకే వీథి. అయినను డ్రైవర్లకంటె కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా వచ్చుచున్నట్లు తేలెను. ఈ ఫలితములు 1953లో ప్రకటింపబడెను. తన మాటను తానే ఆచరించి, వ్యాయామమును విడువక, మోరిస్ 99 యేండ్లు జీవించి 2009లో మరణించెను.

లిడియర్డు రోమునుండి తిరిగివచ్చిన పిమ్మట ఆక్లండులోని వర్తకులు, ఉద్యోగులు అతని యుపన్యాసములు వినవచ్చుచుండిరి. వారిలో నడివయస్సువారు, స్థూలకాయులు, గుండెపోటునుండి కోలుకొన్నవారు కలరు. మేమును పరుగెత్తవచ్చునా యని వారడిగిరి. లిడియర్డు వారికి పతకముల యాస చూపలేదు, భయపెట్టను లేదు. వైద్యుల సలహాతో, కొద్దిదూరము మెల్లగా పరుగెత్తుడు. అలసట తోచగానే నడువుడు. ఊపిరి కుదుటబడిన పిదప మరల పరుగెత్తుడు అని బోధించెను. ఎవరును ఎవరితోను పోటీపడగూడదు. ఇట్లు 1962లో ఆక్లండు జాగర్ల సంఘము వెలసెను. జాగింగు అనగా తొందరలేని మెల్లని పరుగు. నేడు తెలుగు పత్రికలలోను తరచుగా కనబడు ఈ మాట లోకమంతట వ్యాపించుటకు ఆ సంఘము ముఖ్యకారణము.

ఆ సంవత్సరాంతమున అమెరికానుండి బిల్ బవర్మన్ అను నతడు ఆక్లండునకు వచ్చెను. అతడు ఆరెగన్ విశ్వవిద్యాలయమున పరుగుపందెముల శిక్షకుడు, పేరుప్రతిష్ఠలు గలవాడు, వయస్సు 51. ఒక ఆదివారము ఉదయమున లిడియర్డు అతనిని జాగర్లతోకూడ పరుగునకు రమ్మనెను. శిక్షకునికి ఇది యొక లెక్కా యని బవర్మన్ బయలుదేరెను. తీరా కొండదారి మొదలైన కొంతసేపటికే అందరును ముందు సాగిపోయిరి, అతడు వెనుకబడెను. అప్పుడు డెబ్బదియేండ్లు దాటిన వృద్ధుడొకడు తన వేగము తగ్గించి, బవర్మన్ ప్రక్కన చేరి, దారిపొడవున కబుర్లు చెప్పుచు వచ్చెను. బవర్మన్ కు బదులు పలుకుటకైనను ఊపిరి చాలలేదు. ఆ వృద్ధుడు అంతకుముందే గుండెపోటులను చవిచూచినవాడని తరువాత తెలిసి అతడు నివ్వెరపోయెను. ఇతరులకు పరుగు నేర్పుచు, తాను పరుగెత్తుట మరచిపోయినట్లు గ్రహించెను.

అక్కడ నున్నంతకాలము అతడు ప్రతిదినము పరుగెత్తెను. 1963లో స్వదేశమునకు తిరిగివచ్చి, తన ఊరగు యూజీన్ నందు గృహిణులను, వర్తకులను, ఉపాధ్యాయులను చేర్చి మెల్లనిపరుగు నేర్పెను. 1967లో హ్యారిస్ అను వైద్యునితో కలిసి ఈ విషయమై ఒక చిన్న పుస్తకమును ప్రకటించెను. ఆ దినములలో వీథులలో పరుగెత్తు పెద్దమనిషిని జనులు వింతగా చూచుచుండిరి. అతడు ఎవరికో భయపడియో, ఏదో అపహరించియో పరుగెత్తుచున్నాడని అనుమానించువారును కలరు. ఆ నవ్వులను సహించి పరుగెత్తినవారివలననే నేడు లోకమున కోట్లకొలది ప్రజలు నిస్సంకోచముగా పరుగెత్తుచున్నారు.

స్త్రీల విషయమున ఈ సంకోచము మరింత హెచ్చుగా నుండెను. స్త్రీ శరీరము దూరపుపరుగునకు తగదని క్రీడాసంఘముల పెద్దలు తీర్మానించుకొనియుండిరి. అయినను 1964లో ఆ ఆక్లండునందే మిల్లీ శాంప్సన్ అను యువతి పురుషులతోకూడ మారథాన్ పరుగెత్తి, 3 గంటల 19 నిమిషముల 33 సెకండ్లలో పూర్తిచేసెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు మారథాన్ పందెము ఏర్పడునప్పటికి మరి యిరువది యేండ్లు పట్టెను. 1984లో గాని అది జరుగలేదు.

ఇంతవరకు చరిత్ర. ఇక సామాన్యుడు పరుగు నలవరచుకొనుటలో గల కష్టసుఖము లెట్టివి? విశాఖపట్టణమున ఒక కార్యాలయమున పనిచేయు గుమాస్తాను ఊహింపుడు. అతనికి నలుబది యేండ్లు. దినమంతయు కుర్చీలో పని. ఒకనాడు బిడ్డలతో కైలాసగిరి మెట్లెక్కుచు సగముదారిలో ఆయాసముతో కూలబడెను. కూతురు పైమెట్టునుండి, “నాన్నా, రమ్ము” అని పిలుచుచుండెను. అతడు లేవలేకపోయెను. ఆ పిలుపు అతని చెవులలో నిలిచిపోయెను. వైద్యుని సలహా గైకొని, మరుసటి వారమునుండి ఉదయమున పరుగెత్తవలెనని నిశ్చయించెను.

మొదటి శత్రువు పడక. తెల్లవారుజామున నాలుగున్నర గంటలకు గడియారము మ్రోగును. ఆ క్షణమున మనస్సు గొప్ప న్యాయవాదిగా మారును. రాత్రి నిద్ర చాలలేదనును, మబ్బు పట్టినదనును, రేపటినుండి మొదలుపెట్టవచ్చుననును. దానితో వాదించువాడు ఓడిపోవును. మారుమాటాడక కాళ్లు నేలమీద మోపినవాడే గెలుచును.

రెండవ శత్రువు లోకుల మాట. ప్రక్కింటి వారు గుమ్మములో నిలిచి, “ఏమండీ, ఎవరు తరుముచున్నారు?” అని నవ్వుదురు. వీథికుక్కలు ఆ మాటను నిజము చేయుటకో యన్నట్లు వెంటబడును. అప్పుడు మరింత వేగముగా పరుగెత్తుట తెలివిగాదు. ఆగి, మెల్లగా నడచిపోవుట మంచిది. కొన్నిదినములు గడచినపిదప కుక్కలును అలవాటుపడును, ప్రక్కింటివారును అలవాటుపడుదురు.

మూడవ శత్రువు తొందర. సముద్రతీరపు బాటపై కాళికాలయమునుండి కురుసుర జలాంతర్గామి వరకు ఆగకుండ పరుగెత్తవలెనని గుమాస్తా సంకల్పించెను. అది కొలదిదూరమే. కాని మొదటిదినము సగములోనే ప్రక్కడొక్కలో పోటు పుట్టెను. అతడు సిగ్గుపడి నడచెను. పదునైదు దినములకు జలాంతర్గామిని చేరగలిగెను. ఆ యుత్సాహములో దూరమును ఒక్కసారిగా ఇబ్బడి చేసెను. వారము తిరుగకముందే మోకాలి క్రింద ముందరి ఎముక వెంబడి నొప్పి బయలుదేరెను. ఇది క్రొత్తవారికి తరచుగా వచ్చునదే. ఊపిరియు గుండెయు కొలదివారములలోనే క్రొత్తపనికి అలవాటుపడును. ఎముకలు, స్నాయువులు అందుకు నెలలు తీసికొనును. గుండె రమ్మనును, ఎముక ఆగుమనును. ఎముక మాట విననివాడు మంచమెక్కును. గుమాస్తా మూడువారములు విశ్రాంతి గైకొనవలసివచ్చెను. పరుగు మొదలుపెట్టుటకంటె ఆ మూడువారములు ఊరకుండుటయే అతనికి కష్టముగా తోచెను. పరుగుమీద ప్రీతి కలిగినదని అతనికి తెలిసినది అప్పుడే.

నాలుగవ శత్రువు ఉక్క. పరుగెత్తునపుడు శరీరమున వేడి పుట్టును. చెమట ఆరిపోవుచు ఆ వేడిని తీసికొనిపోవును. కాని సముద్రతీరమున గాలిలో తేమ యెక్కువ. చెమట కారునే గాని ఆరదు. అందుచే శరీరము చల్లబడదు. పల్లెపొలములలో పనిచేయు కూలీలు ఈ సంగతి పుస్తకములు చదువకయే యెరుగుదురు. ఎండ ముదురకముందే పని సాగింతురు, మజ్జిగలో ఉప్పు వేసికొని త్రాగుదురు. కోస్తాజిల్లాలలో పరుగెత్తువారును వేసవిలో సూర్యోదయమునకు ముందే పరుగు ముగించుట, వేగము తగ్గించుకొనుట, నీరు త్రాగుట మరువరాదు.

ఇన్ని కష్టములకు ఫలమేమి? పరుగున మొదటి కిలోమీటరు ఎల్లప్పుడును బరువుగానే యుండును. ఏండ్లకొలది పరుగెత్తినవారికిని అంతే. కాని దానిని దాటిన తరువాత ఊపిరియు అడుగును ఒక తాళమున కలిసికొనును. అప్పుడు శరీరమును మోయుచున్నట్లుండదు. శరీరమే తనను మోయుచున్నట్లుండును. తూర్పున సముద్రముమీద ఎరుపు ప్రాకును. జాలరుల పడవలు చిన్న గీతలవలె కనబడును. వలలు లాగువారి కేకలు వినవచ్చును. ఎదురుగా వచ్చు మరియొక పరుగరి, పేరైన నెరుగనివాడు, చేయెత్తి పలుకరించును. ఆ పలుకరింపులో ఉద్యోగము, కులము, ధనము అను భేదములు లేవు. ఇరువురును నాలుగున్నరగంటలకు లేచినవారే. ఇంటికి తిరిగివచ్చి, స్నానముచేసి, తినిన రెండు ఇడ్లీల రుచి ఆలస్యముగా లేచినవానికి తెలియదు. కార్యాలయమున చిరాకు తగ్గును. రాత్రి నిద్ర గాఢముగా పట్టును.

ఆరు మాసములకు గుమాస్తా జలాంతర్గామిని దాటి, ఏడాదికి తెన్నేటి పార్కు వరకు పోయిరాగలిగెను. ఆ యేడు పట్టణమున జరిగిన నౌకాదళ మారథాన్ దినమున 10 కిలోమీటర్ల పరుగులో పాల్గొనెను. వందలమంది అతనికంటె ముందు గమ్యము చేరిరి. ఎందరో అతని వెనుక వచ్చిరి. ముందువారిని చూచి అతనికి అసూయ కలుగలేదు. వెనుకవారిని చూచి గర్వము కలుగలేదు. తుదిగీతకడ కూతురు నిలిచి యుండెను. ఆ సాయంకాలము ఇరువురును కైలాసగిరి మెట్లెక్కిరి. ఈసారి అతడు మధ్యలో కూర్చుండలేదు. పైగా మెట్టుమెట్టునకును కూతురితో కబుర్లు చెప్పుచునే యుండెను.

పరుగునకు వయస్సు దాటిపోయినదని నిరాశపడువారికి ఫౌజాసింగు చరిత్రము సమాధానము చెప్పును. ఆయన పంజాబు రాష్ట్రమున జలంధరు సమీపమునగల బియాస్ పిండు గ్రామమున జన్మించిన రైతు. చిన్ననాట కాళ్లు బలహీనముగా నుండుటచే అయిదేండ్లు వచ్చువరకు సరిగా నడువలేకపోయెను. వృద్ధాప్యమున 1994లో కన్నకొడుకును పోగొట్టుకొని దుఃఖమున మునిగిపోయెను. ఇంగ్లండునందున్న మరియొక కుమారుని కడకు చేరి, ఆ దుఃఖమును మరచుటకై పరుగు నాశ్రయించెను. 2000 సంవత్సరమున, 89 యేండ్ల వయస్సున, లండను మారథాన్ పూర్తిచేసెను. 2011 అక్టోబరులో కెనడా దేశమున టొరాంటో నగరమున మరల మారథాన్ పరుగెత్తి, 8 గంటల 11 నిమిషములలో గమ్యము చేరెను. ఆయన ప్రయాణపత్రము ప్రకారము అప్పటికి నూరేండ్లు నిండినవి. కాని ఆయన పుట్టిన కాలమున ఆ గ్రామమున జననములు వ్రాసియుంచు ఆచారము లేదు. జన్మపత్రము చూపలేకపోవుటచే రికార్డుల గ్రంథమున ఆ ఘనత చేరలేదు. ఆయన పరుగు మానలేదు. మరుసటి యేట లండనులో మరియొక మారథాన్ పూర్తిచేసెను. 2013లో పందెములనుండి విరమించిన పిదపను నడక విడువలేదు. 2025 జూలైలో స్వగ్రామము చెంత దారి దాటుచుండగా వాహనము తగిలి మరణించెను.

ఆక్లండులో లిడియర్డు నాటిన మొక్క నేడు మన ప్రాంతములలోను నీడనిచ్చుచున్నది. హైదరాబాదున హుస్సేను సాగరము గట్టుమీదను, విశాఖపట్టణమున సముద్రతీరమునను, చిన్నపట్టణములలో కళాశాలల మైదానములందును, తెల్లవారుజామున పరుగెత్తువారు కనబడుదురు. వారిలో ఉద్యోగులు కలరు, గృహిణులు కలరు, పింఛను పొందు వృద్ధులు కలరు. పోలీసు ఉద్యోగమునకై దేహపరీక్షకు సిద్ధపడు యువకులును వారి నడుమనే వేగముగా దూసికొనిపోవుదురు. వారికెవ్వరికిని ఒలింపిక్ పతకములు రావు. ఎవరి గీత వారికి వేరు. ఒకరికి అది దూరపు దీపస్తంభము, ఒకరికి కొండమెట్టు, ఒకరికి మరువలేని దుఃఖము.

లిడియర్డు 2004లో, తన 87వ యేట, అమెరికాలో ఉపన్యాసయాత్ర చేయుచు మరణించెను. ఆ వయస్సునను అతడు వినవచ్చినవారికి ఈ మెల్లనిపరుగును గూర్చియే బోధించుచుండెను. పాలకొరకు పరుగెత్తువాడు పాలు దొరకగానే ఆగిపోవును, దొరకనిచో నిరాశపడును. నిన్నటికంటె నేడు ఒక్క అడుగు ముందుకు వేయుటకై పరుగెత్తువానికి ఆ బాధ లేదు. పాఠశాల పందెమున బహుమానము రాని యేడుగురు బాలురును ఈ సంగతి తెలిసికొన్నచో, మరునాటి ఉదయమున మరల మైదానమునకు వత్తురు. ఈసారి ఈల అక్కరలేదు. ప్రక్కన మాటలాడుటకు ఒక స్నేహితు డున్న చాలును.

ప్రశ్నలు

1. మిత్రునితో పరుగెత్తిన దినమున లిడియర్డునకు కలిగిన అనుభవ మెట్టిది? అది అతని జీవితము నెట్లు మార్చెను?
2. మెల్లగా పరుగెత్తువాని శరీరమున కలుగు మార్పులను ‘రాబడి, అప్పు’ అను పోలికతో వివరింపుము.
3. లండను బస్సులను గూర్చిన పరిశోధనవలన తెలిసిన విషయమేమి?
4. గుమాస్తా ఎదుర్కొన్న నలుగురు శత్రువు లెవరు? వారిలో అతనిని మంచమెక్కించిన శత్రువు ఎవరు? ఎందుచేత?
5. ఫౌజాసింగు పేరు రికార్డుల గ్రంథమున చేరకపోయినను ఆయన పరుగు వ్యర్థము కాలేదని యెట్లు చెప్పవచ్చును?